కార్డు లేదు

తిబిలీసిలో ఎండువంతెన మీది సంత.
పాత డిజిటల్ కెమెరాకి వాఝా మూడొందల లారీలన్నాడు.
రెండు నెలలు రొట్టెల పొయ్యి ముందు కాగిన రాత్రుళ్లు
నలిగిన నోట్లుగా అతని చేతిలో పెట్టాను.
మెమరీ కార్డుకి మిగల్లేదు.
"గోడ లేకుండా చిత్తరువా?" నవ్వాడు ముసలాయన.

"కార్డు లేదు" అని తెర మినుకుతూనే ఉంది,
నేను నొక్కుతూనే ఉన్నాను:
మంచులో కూరుకుపోయిన పాలబండి,
వంతెన కింద కుక్క ఆవులింత,
నెస్తాన్ కనుబొమ మీద
తను చూసుకోని గోధుమపిండి.
టప్. టప్.
ఎంత ధారాళంగా నొక్కానో!

పదకొండో రోజు కార్డు కొన్నాను, రెండు జీబీలది.
ఇప్పుడు వేలు తటపటాయిస్తోంది,
చోటు దండగవుతుందేమోనని.

నెస్తాన్ మొహం కడుక్కుని,
కొత్త గౌను తొడుక్కుని
వచ్చి నిలబడింది.