నిమ్మతొక్క

పొదలకూరు యార్డులో మస్తానయ్య కాటా అంటే
కాయ తేడా రాదని పేరు.
ఆ పేరు చూసే
బళ్లో నా ఫీజుకి గడువిచ్చేవాళ్లు.

ఇన్‌స్పెక్టరు తేదీలు చదవతా ఉండాడు.
మనుబోలు దాటినాక రోడ్డు పక్కన లారీ క్లీనరు,
సైదాపురం మైకా గుంతలో ఒకామె,
పేరు తెలియదంట.

ఆ బుధవారం నాకు గుర్తుండాది.
కరెంటు లేదు.
నాయన పొద్దుపోయి వచ్చి తొట్టి దగ్గర కూచోని
పిండేసిన నిమ్మతొక్కతో
మోచేతుల దాకా రుద్దుకున్నాడు.
ఎప్పుడూ చేసేదే.
మా ఊళ్లో ఎవరి చేతులు చూసినా ఆ వాసనే.

తర్వాత లాంతరు దగ్గరికి లాక్కోని
నా సోషల్ నోట్సుకి అట్ట వేసినాడు,
మూలలు గోటితో నొక్కి నొక్కి,
ఒక్క ముడత లేకుండా.

అమ్మ స్టేషను గోడకానుకోని
ఉతికిన చొక్కాలు లెక్కేసుకుంటా ఉంది.
ఎన్నో చెప్పదు.

"ఒక్కసారన్నా అనుమానం రాలేదామ్మా?"

ఆ అట్ట ఇంకా ఊడలేదు సార్, అన్నాను.
ఆయన రాసుకోలేదు.

కానిస్టేబులు నా కోసం తెచ్చిన నిమ్మసోడా
బల్ల మీద
అట్టనే వేడెక్కతా ఉండాది.