కంచె, టోపీ

ఓడరేవు ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లను
తుక్కు లారీకెక్కించిన రోజున
ఒకదాన్ని స్లెడ్జి మీద పెట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.
కెమిలో ఆ వేళ మైనస్ ముప్పై ఒకటి.
రెండు రోజులు వంటింట్లో చలి కాగనిచ్చి
మీట నొక్కాను.
నల్ల తెర. ఒక సి. పక్కనే రెప్పలాడించే గీత,
ఏం కావాలో నువ్వే చెప్పు అన్నట్టు.
అంత మర్యాద నాకు అంతకుముందు ఎవరూ చేయలేదు.

ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పటికీ నా ఇంటర్నెట్ డాస్‌లోనే.
వార్తల్లో మంత్రి ముఖం ఉండాల్సిన చోట
'బొమ్మ' అని రాసి ఉంటుంది,
అంతకు మించి నాకూ అక్కర్లేదు.
వాతావరణశాఖ గుమ్మంలో
అవతలి యంత్రమూ ఇవతలి యంత్రమూ
తాళంచెవులు మార్చుకునేసరికి నాలుగు నిమిషాలు.
ఆలోపు మూడు బంగాళాదుంపలు చెక్కు తీస్తాను.
పెద్దవైతే రెండే.
బ్యాంకు మాత్రం లోపలికి రానివ్వదు,
మీ బ్రౌజర్ పాతదంటుంది.
నేనూ పాతదాన్నే కదా అని
బస్సెక్కి పోయి కౌంటర్ ముందు నిలబడతాను.

ఇక్కడ ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు.
మా లిపిలో టెల్లెర్వో సరిగ్గా ఎనిమిది.
విల్హెల్మీనా పట్టదు.
సగంలో తెగి, ఒక అల గుర్తు, ఒకటో అంకె.
విల్హెల్, అల, ఒకటి.
రెండోది ఎక్కడుందే అని అడిగితే
అఖాతం ఆవలి నుంచి, స్వీడన్ ఒడ్డు నుంచి జవాబు:
'మొదటిదాన్నే మా ఆయన భరించలేకపోయాడు.'

పంతొమ్మిదేళ్ళు మేమిద్దరం
ఐస్‌బ్రేకర్లకు రేడియోలో మంచు చెప్పాం.
ఎక్కడ మందం, ఎక్కడ పగులు, ఏ దారిన రావచ్చు.
ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, ఉపగ్రహాలున్నాయి.
అయినా రాత్రి తొమ్మిదింటికి
తన కిటికీలోని మంచు తను రాస్తుంది,
నా కిటికీలోది నేను.

మా భాషలో మంచుని యా అంటాం.
నెత్తిన రెండు చుక్కలున్న అక్షరం అందులో జంటగా వస్తుంది.
తన కొత్త ఫోను పంపే ఆ చుక్కలు
నా డాస్‌కి అర్థం కావు.
ఒక్కో అక్షరానికీ బదులు
ఒక కంచె కొయ్య, పక్కన టోపీ పెట్టుకున్న ఎన్.
మంచు అని రాసిన ప్రతిచోటా
కంచె, టోపీ, కంచె, టోపీ.
మొదట్లో చిరాకేసేది.
రానురాను ఆ కంచె వెంటే నడవడం అలవాటైంది.

జనవరిలో ఒక రాత్రి ఉత్తరం కదల్లేదు.
పాత గుమ్మం మూసేశారట, కొత్త తాళాలట.
పదకొండు రాత్రులు అదే మీట నొక్కాను.
మొండితనంలో నేనూ యంత్రమూ సరిసమానం.
పన్నెండో రోజు లైబ్రరీ నుంచి హోదన్ వచ్చి
అగ్గిపెట్టెంత పలకొకటి
గోడకూ యంత్రానికీ మధ్య తగిలించింది.
మొగదిషులో వాళ్ళ నాన్న టెలెక్సులు బాగుచేసేవాడట.
'ఇది పడవవాడండీ' అంది,
'ఆ ఒడ్డున కొత్త భాష, ఈ ఒడ్డున మీ భాష.'

పదకొండు ఉత్తరాలు ఒక్కసారే దిగాయి.
చుక్కలన్నీ ఎక్కడివక్కడ.
మంచంటే మంచు.
నలభై సెంటీమీటర్లు, పగులు లేదు, తూర్పు గాలి.
రెండోసారి చదివాను.
ఉపగ్రహం రాసినట్టుంది.

'బాగాలేదా?' హోదన్ కోటు గుండీలు పెట్టుకుంటోంది.
బాగుందమ్మా, చాలా బాగుంది.
కానీ ఆ కంచె...
ఏ కంచె అంది.
చూపించడానికి పాత ఉత్తరమొకటి తెరిచాను.
చాలాసేపు చూసింది.
నవ్వలేదు. గుండీలు విప్పి, మళ్ళీ కూర్చుని
ఒక్క వరుస చెరిపేసింది.

ఈ రాత్రి యాభై రెండు సెంటీమీటర్లు.
కంచె, టోపీ, కంచె, టోపీ.
దూరాన ఏదో ఓడ దీపం, పేరు తెలియలేదు,
నీకేమైనా కనిపిస్తోందా అని అడిగింది.
పొయ్యి కట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను.