ఖాళీది మోగుతుంది

కొత్తగా చేరిన కుర్రడాక్టరు
టీ చల్లార్చుకుంటూ అడిగాడు:
"ఫ్లూ ఏడాది కూడా ఆస్పత్రి ఇలాగే నిండిపోయిందట కదా, పైడయ్యా,
మరి తేడా ఏమిటి?"

నేను చదివింది ఎనిమిది.
నా చేతిలో ఉన్నది స్పానరు.
నిండు సిలిండర్ని కొడితే దబ్బుమని ఊరుకుంటుంది,
ఖాళీది బడిగంటలా చాలాసేపు మోగుతుంది.
నాకు తెలిసిన వైద్యం అంతే.

ఫ్లూ ఏడాది, నిజమే బాబూ, తక్కువేం కాదు.
మంచానికీ మంచానికీ మధ్య చాపలు,
పెదజాలారిపేట నుంచి ఒకే ఇంటివాళ్లు ముగ్గురు.
వాళ్లలో ఎండు నెత్తళ్ల బరువున్న ముసలమ్మ నూకాలు
తగ్గిందని తెల్లారగట్ల తనే లేచి
కొంగుతో మంచం తుడిచి మరీ ఇచ్చేసింది.
ఐదో రోజుకో ఆరో రోజుకో మంచం తిరిగొచ్చేది.
దగ్గుల మధ్యే కేరేజీలు తెరిచేవారు,
వార్డంతా చారు వాసన.
రాత్రికి నాలుగైదు సార్లు మోగేది.
సులోచన సిస్టరుకి జ్వరమొస్తే
ఇంకో సిస్టరు వచ్చేది.

ఆ తర్వాతి దాంట్లో
ఇంకో సిస్టరు లేదు.
మంచం ఇరవై రోజులైనా రాలేదు.
వచ్చినవి కొన్ని, మనిషి దిగి ఇచ్చినవి కావు.
కేరేజీలు గేటు దగ్గరే ఆగిపోయాయి,
పేర్లు రాసిన ప్లాస్టరు ముక్కలతో.
ర్యాంపు కింద అంబులెన్సులు,
బెర్తు దొరక్క బయట సముద్రంలో లంగరేసిన ఓడల్లా,
దీపాలార్పకుండా.
రాత్రంతా మోగింది. ఒకటి మార్చేలోగా రెండోది.
గాజువాక వెళ్లిన లారీ ఎంతవరకు వచ్చిందని
అడిగీ అడిగీ స్టోర్సు గుమస్తాకి గొంతు పోయింది.
చివరికి ఉక్కు ఫ్యాక్టరీ గాలిని ఇటు మళ్లించారు.
ఫర్నేసు తాగాల్సింది
మూడో నంబరు మంచం మీద అప్పలస్వామి మేస్త్రి తాగాడు.
కుర్రతనంలో ఆ ఫర్నేసుకి ఇటికలు మోశాడట.
మాస్కులోంచే చెప్పాడు, సగం వినబడింది.

లెక్కలు మీ దగ్గరుంటాయి,
రెండేళ్లవీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.
నాకు గుర్తున్నది ఒక వేకువజాము.
ఫ్లూ అప్పుడు మోత వినబడితే పరిగెత్తేవాణ్ణి,
ఆ వేళ మోత ఆగిపోతే పరిగెత్తాను.
గదిలో కొట్టి చూడ్డానికి ఒక్క సిలిండరూ లేదు.

ఇప్పటికీ ఇంటికి గ్యాసు బండ తెస్తే
ఆ కుర్రాడి ముందే వేలితో కొట్టి వింటాను.
మా ఆవిడ నవ్వదు.