గ్రామం-సి

కొండమల్లేపల్లి చౌరస్తాలో సోడాబండి దగ్గర
ఇరవై రూపాయల ఐసు కొంటాను.
జెల్ ప్యాకులు ఎప్పుడో కరిగిపోయాయి.
నీలం డబ్బాలో నలభై రెండు సీసాలు,
ఒక్కొక్కటి చిటికెన వేలంత.
దేవరకొండ డిపో బస్సులో
మా ఊరి నెత్తురు నా ఒళ్లో కూర్చుని
హైదరాబాదు పోతుంది.
కండక్టరు మూత వైపు చూసి అడుగుతాడు:
చేపలా?

పదకొండేండ్లుగా ఇదే కొలువు.
మొదటి ఏడు నీళ్లు, బోరింగుకొక సీసా.
ఆ తర్వాత తెల్లవారి తొలి ఒంటేలు,
బత్తాయి తోటల మట్టి,
ఎముకల ఫొటోలు తీసే వ్యాను ముందు
చెప్పులు విప్పి నిలబడ్డ ముసలోళ్ల వరుస.
పిల్లల పాలపళ్లు కూడా ఏరాను.
పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసరాల్సిన పన్ను
నాకిస్తే కొత్తది ఎట్ల మొలుస్తదని
సాలవ్వ నాతో వారం మాట్లాడలేదు.
పన్నుకొక పెన్సిలు ఇచ్చాను.
ఒకడు రెండు పెన్సిళ్ల కోసం
కదలని పన్నును కూడా కదిలించుకొచ్చాడు.

ఇంకో ఏడు పట్నం నుంచి ఒక పిల్ల వచ్చి
మనుషుల నిద్ర కొలుస్తానంది.
మణికట్లకు గడియారాలు కట్టింది,
టైము చూపని గడియారాలు.
బుగ్గయ్య తనది తీసి బర్రె మెడకు కట్టి
బాయికాడ హాయిగా పండుకున్నాడు.
ఆ వారం ఆయన రాత్రుళ్లన్నీ
ఈగలు తోలుకుంటూ గడిపాడని
ఏదో ఒక పట్టికలో ఉండే ఉంటుంది.

సమ్మతి పత్రం నాలుగు పేజీలు.
నేనే చదివి వినిపించాలి.
'ఇష్టం లేకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు.'
జంగమ్మ వేలు సిరాలో ముంచబోయి ఆగింది:
దేంట్ల నుంచి బిడ్డా?

ఒక్కసారి నన్ను లోపలికి రానిచ్చారు.
తెల్లటి పెట్టె తలుపు తీస్తే పొగ,
మైనస్ ఎనభై అని ఎర్రటి అంకెలు.
రేకుల కింద, వడగాడ్పులో ఉడికిన నెత్తురు
మంచు కప్పుకుని వరుసలు కట్టి నిలబడి ఉంది.
కరెంటు పోతే దానికి రెండు జనరేటర్లు.
మా సబ్‌సెంటరు ఫ్రిజ్ మోటారు
మొన్నటి వానాకాలం రిపేరుకు పోయింది.

ఈ ఉగాదికి పేపరు అచ్చయింది.
అందులో మా ఊరు 'గ్రామం-సి'.
పేర్లు దాచాలట, మా మేలు కోసమే.
పక్క ఊరు 'గ్రామం-డి'.
కాలువ తూము కాడ తలలు పగలగొట్టుకునే ఊళ్లు
ఒకే పట్టికలో పైనా కిందా
సప్పుడు చేయకుండా ఉన్నాయి.

జంగమ్మ అడిగింది:
ఏమన్నదే నా నెత్తురు?

గడప మీద కూర్చుని ఫోన్ తెరిచాను.
పట్టిక మూడు, పదిహేడో వరుస:
ఆడ, అరవై మూడు, ఒక అంకె, ఒక చుక్క, ఇంకో రెండంకెలు.
'ఇది నేనా?' అని వేలు పెట్టింది.
వేలి కింద అంకె పొంగి
తెరంతా నిండింది.
'అబ్బో, ఇంతగనమున్ననా' అని
పళ్లు కనబడేటట్టు నవ్వింది.
ఆ పళ్ల రంగే ఆ అంకె అని
నేను చెప్పలేదు.

పైవరుసలో సగం గళ్లు ఖాళీ.
పక్కన నక్షత్రం గుర్తు, అడుగున సన్నటి అచ్చు.
చదవమంది.
'రెండో విడతకు అందుబాటులో లేరు.'
కాసేపు వాకిట్లో కోళ్ల వైపు చూసి
'బతికున్నప్పుడు సుత గంతే,
పిలిస్తే పలికేటోడా బుగ్గయ్య' అంది.
తర్వాత: ఆయన నెత్తురు ఇంకా ఉన్నదా?
ఉంది, మొదటి విడతది.
ఇంకో ఇరవై ఏండ్లు ఉంచుతారట.
'చలికి ఆగడే.
కార్తీకం రాకముందే గొంగడి అడిగేటోడు.'

మూడో విడత మొదలైంది.
కొత్త సూదులు, కొత్త నంబర్లు.
జంగమ్మ గాజులు పైకి తోసి చెయ్యి చాపింది,
ముఖం అటు తిప్పుకుని.
సీసా నిండుతుంటే మెల్లగా అంది:

ఇగో, ఆయన పక్కన పెట్టమను.