కలుగు చదవడం

ఏడు కార్ల వైర్లు కొరికేశాయి.
ఎనిమిదోది సెక్రటరీది.
అప్పుడు గాని గంగులప్పకు పిలుపు రాలేదు.

అంతకు ముందు తెల్ల వ్యానులో కంపెనీ వాళ్లొచ్చి
నీలం గుళికలు చల్లి, జిగురట్టలు పరిచి
బిల్లు చేతిలో పెట్టి పోయారు.
ఆ జిగురుకు నాలుగు బల్లులూ
హౌస్‌కీపింగ్ నరసమ్మ ఎడమ చెప్పూ పడ్డాయి.

గంగులప్పది గేటు కాడ రాత్రి డ్యూటీ.
పుంగనూరు పక్క పల్లె. అరవై దాటింది.
శనక్కాయ చేలల్లో కలుగులు తవ్విన చేతులు.
ఈ హరళూరు రోడ్డులో వాటికి
ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్ను, ఒక విజిల్.

"లైట్లార్పు" అన్నాడు నాతో.
నేను ఎలక్ట్రీషియన్ని, ఆర్పడం కూడా నా పనే.
పార్కింగు చీకట్లో చెప్పులు విప్పి
చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.
"ముందు అవి నిన్ను మరిచిపోవల్ల.
ఆ తర్వాతే నీకు అగపడేది."

పంపు రూము వెనక, గోడకూ మట్టికీ సందున
పదకొండు కన్నాలు.
నా కళ్లకు అన్నీ ఒకటే.
ఆయన గొంతుక్కూర్చుని టార్చి అడ్డంగా పట్టాడు.
నేరుగా కొడితే మట్టి నోరు మూసుకుంటుందట,
పక్క నుంచి కొడితే నీడలు లేస్తాయట.
"దీనికి సాలెగూడు. ఖాళీ.
ఇది నున్నగానే ఉండాది గానీ మన్ను ఎండింది, మొన్నటిది.
ఇదిగో, తడి మన్ను. పెంటికలింకా మెత్తగుండాయి.
ఇంట్లో మనుషులుండారు."
మనుషులన్నాడు. నేను దిద్దలేదు.

అగరొత్తి వెలిగించి కన్నం మూతిన పెడితే
పొగ లోపలికి లాక్కుంది.
"అంటే ఇంకో వాకిలి ఉన్నెట్టు.
ఒక్క వాకిలి ఇంట్లో పందికొక్కు కాపురముండదు,
అదేమన్నా మనమా?"
వెతగ్గా వెతగ్గా
జారుడుబల్ల కింద సన్నగా మల్లెపూల అగరు వాసన.
అక్కడ ఉల్లిగడ్డల సంచి బిగించి నన్ను కూచోబెట్టాడు.

పొగబెట్టడానికి పూలకుండీ.
అడుగున కన్నం మనం కొట్టే పన్లేదు,
నర్సరీ వాడే కొట్టిపెట్టాడు.
లాన్ కోసిన ఎండుగడ్డి, చిరిగిన కొబ్బరిపీచు పట్టా.
మిరపకాయలు తెమ్మంటావా అన్నాను.
"వద్దురా, పైన బాలింత ఉండాది."
స్మోక్ అలారం నేనే ఆపేశాను.
అది ఎక్కడా రాయలేదు.

ఆయన కుండీ అడుక్కి నోరు పెట్టి ఊదాడు.
నా సంచి ఎగిరింది.
ఒకటి. రెండు. మూడు. పిల్లంత బరువు.
నాలుగోది రాలేదు.
"వచ్చేదైతే వచ్చుండును. లోపల పిల్లలుండాయి" అని
ఊదడం ఆపేసి గునపం తీశాడు.

మూరెడు తవ్వగానే కొట్టుగది.
"మా చేలల్లో అయితే రెండు సేర్ల కాయలు దొరికేవి.
సగం తీసుకుంటిమి, సగం వదిలేస్తిమి.
అంతా ఊడ్చుకుంటే వచ్చే ఏడు ఎవుడు దాస్తాడు?"
ఇక్కడ దొరికినవి: కుక్క బిస్కెట్లు, టమాటా సాస్ పొట్లాలు,
ఎవరిదో ఒంటి చెవి ఇయర్‌ఫోను,
గూడంతా ఎర్రవీ పచ్చవీ వైరు ముక్కలు.
కొన్ని నేను వేసినవే, గుర్తుపట్టాను.
వాటి మధ్య తల్లి, పళ్లు బయటపెట్టి,
పొట్ట కింద కళ్లు తెరవనివి ఆరు.

ఆయన బిస్కెట్లు లెక్కపెట్టి
సగం కన్నంలోకి తోశాడు.
ఎందుకని అడిగితే చేతులు దులుపుకున్నాడు.

చచ్చిన మూడింటినీ చూసి నిట్టూర్చాడు.
"నీలం మందు తినుంటాయి, కూరకు పనికిరావు.
మంచి కండ."
కంపోస్టు గుంటలో లోతుగా పూడ్చాము.

తెల్లారి సెక్రటరీ ఎన్ని అనడిగాడు.
మూడు, సార్.
అంతకు ముందే, అయిదూ నలభైకి,
మూతి కట్టిన బుట్టతో చెరువు వైపు పోతూ
గేటు కాడ ఆగి రిజిస్టరు తీశాడు గంగులప్ప.
బయటికి: తల్లి ఒకటి, బిడ్డలు ఆరు.
పని అన్న గడిలో అడ్డగీత.

రెండు వారాలకు తొమ్మిదో కారు.
ఆయన ఊరికి పోయున్నాడు.
నేనే లైట్లార్పి, చెప్పులు విప్పి
టార్చి అడ్డంగా పట్టుకున్నాను.
మట్టి ఇంకా ఏమీ అనడం లేదు.
నిలబడ్డాను.