సఫారీకి ఎన్ని మీటర్లు

రొయ్యల మేత కంపెనీ పిల్లోడు
ప్యాంటు నడుం వదులు చేయించుకోను వచ్చి
ఆగస్టులో సఫారీకి పోతుండా అన్నాడు.
మా ఆయన మెడలోంచి టేపు తీస్తా
"సఫారీకైతే మూడు మీటర్లు తెచ్చుకో అబ్బయ్యా" అన్నాడు.

పిల్లోడు పడీ పడీ నవ్వి ఫోను తిప్పి చూపించాడు.
ఎండిన గడ్డి, కప్పులేని జీపు,
జీపు చక్రానికి బారెడు దూరంలో సింహం,
మధ్యాన్నం మా కొట్టు మెట్ల మీద కుక్క లాగే
కాళ్ళు చాపి పడుకోనుంది.

కావలి ట్రంకు రోడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళు
సఫారీలు కుట్టిన మనిషి,
బ్యాంకు మేనేజర్లకీ, కరెంటాఫీసు ఏఈలకీ,
రిటైరయ్యే రోజు ఒక్కసారి తొడిగి
మడత పెట్టేసుకునే హెడ్మాస్టర్లకీ.
ఆ మాట లోపల ఒక అడవి ఉండాదని
ఆ రోజే తెలిసింది మస్తానయ్యకి.

రాత్రి కంచం ముందు కూర్చోని
"మే వెంగమ్మా, చారల గుర్రం చూసినావా?
భుజం కాడ గీతకి గీత ఎట్ట కలిసిందో!
కుట్టు ఎక్కడేశారో కనబడనే కనబడదు."
నేను మజ్జిగ పోస్తా
"అయితే పోయి లోపలివైపు తిరగేసి చూసొద్దాం" అన్నాను.
నవ్వులాటకన్న మాట.
తెల్లారేసరికి కటింగు బల్ల మీద సుద్దతో లెక్కలు.

బళ్ళు తెరిచే జూన్‌లో కదలలేం,
యూనిఫారాలు నూట అరవై జతలు.
జూలై ఆఖరుకి చేతులు ఖాళీ.
అదే సరైన అదునన్నాడు పిల్లోడు,
అప్పుడే అడవి గొడ్లు లక్షల్లో
మొసళ్ళ ఏరు దాటతాయంట.
సంగం కాడ పెన్నలో గేదెలు ఈదడం చూసినదాన్నే,
లక్ష అంటే ఊహకి రాలా.

చిన్న విమానంలో మనిషికి పదిహేను కేజీలు,
అదీ మెత్తటి సంచీ, పెట్టెలు ఎక్కనీరు.
ఎండుచేపలు వద్దన్నాడు పిల్లోడు,
వాసనకి ఏది లేచొస్తుందో చెప్పలేం.
చెన్నై పోయి సూది వేయించుకోవాల,
పసుపు జ్వరానికి పసుపు కార్డిస్తారు.
దోమకి బిళ్ళలు వేరే.
నీలం, నలుపు వేసుకోకూడదు,
ఆ రంగులకి కుట్టే ఈగలు ముసురుతాయంట.
మా ఆయన మొహం చూడాల అప్పుడు.
బీరువాలో మిగిలిన సఫారీ గుడ్డంతా నేవీ బ్లూ.

చీటీ ఇంకా మూడు నెలలుండాది.
పాడుకుంటే ఒకరికి సరిపోద్ది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు,
ఇద్దరం ఎత్తలా.
"జిరాఫీ మెడ కొలవాలంటే
అరవై అంగుళాల టేపు చాలదు మే,
రెండు టేపులు ముడేయాల" అన్నాడు
దీపం ఆర్పినాక ఎప్పటికో.

ఆదివారం కొట్టు తలుపులు దగ్గరేసి
మట్టిరంగు గుడ్డ పరిచాడు.
బుద్ధెరిగినాక లుంగీ తప్ప తొడగని మనిషి.
తన కొలత తాను తీసుకోలేడు కదా,
టేపు నా చేతికిచ్చాడు.
ఇన్నేళ్ళూ కాజాలు కుట్టడమే నా పని,
వచ్చినోళ్ళ ఛాతీలు కాయితం మీది అంకెలే నాకు.
ఛాతీ ముప్పై ఆరు.
భుజం కొలిచి మళ్ళీ కొలిచాను.
కుడివైపు ముప్పావు అంగుళం కిందికి జారుండాది,
మిషను మీదికి ఒరిగి ఒరిగి.
రెండు భుజాలూ ఒకటేనని రాసి
కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాశాను.
గుడ్డకి అబద్ధం చెబితే
ముడతేసి బయటపెడతది.

"మరి నాకు?" అన్నాను.
బోర్డు మీద జెంట్స్ టైలర్ అని ఉండె.
"ఆడోళ్ళ కటింగు రాదు గదా నాకు."
"ఆడోళ్ళది ఎవరడిగారు? సఫారీ కుట్టు."

టేపు తీసుకున్నాడు.
నా భుజం చివర వేలు ఆనించి
అంకె చదవకుండా చానాసేపు నిలబడ్డాడు.
మద్రాసు బండి పోయింది, షోకేసు అద్దం అదిరేట్టు.
"జేబులు ఎన్ని?"
నాలుగు అన్నాను.
పై రెండిటికీ మూతలుండాల.
కాజాలు నేనేసుకుంటాను.