గాంధారం కొంచెం కిందికి

సుల్తాన్ బజార్ల సందు లోపలి సందుల నా దుకాణం.
మూడు మెట్లు దిగాలె.
వానొస్తె రెండే కనపడతయి.
కనపడని మెట్టు మీద కాలేసుకుంట వచ్చిండు ఇట్టూప్ మాష్,
హార్మోనియం పెట్టెకు తన రెయిన్‌కోటు తొడిగి
తాను తడుసుకుంట.

"గాంధారం కొంచెం కిందికి కావాలె"
అన్నడు, వచ్చీరాని హిందీల.
ఊది చూసిన. సరిగ్గనే ఉంది.
"సరిగ్గున్నదే తప్పు" అన్నడు.

రీడు కొన కాడ గీకితె స్వరం ఎక్కుతది,
మొదట్ల గీకితె దిగుతది.
మా నాయిన నేర్పిన విద్య ఇంతే.
వెంట్రుకంత గీకిన. మళ్ళ వెంట్రుకంత.
కండ్లు మూసుకొని వింటున్నోడు చెయ్యెత్తిండు.
అది ఏ ఊరి గాంధారమో నాకెర్కలేదు.
రెండు మెట్ల నడుమ
ఏ మెట్టుకూ దొరకకుండ ఉండేది.

వాళ్ళ భాషల వానకొక మాటున్నదట.
మళ అన్న. కాదన్నడు.
మష అన్న. కాదన్నడు.
నాలుక ఎనకకు మడిచి మళ్ళొకసారి పలికిండు.
మన యాభయ్యారు అక్షరాల్ల ఏడ దేవులాడినా
ఆ సప్పుడు లేదు.
రసీదు పుస్తకంల "వాన" అని రాసుకున్న.

మద్రాసుల దినకూలికి వయొలిన్ వాయించిండు.
ఒకరి పాటలకు నొటేషన్లు రాసిండు.
పద్దెనిమిది మలయాళం సినిమాలకు
పోస్టరు మీద పేరేసుకున్నడు,
అండ్ల ఏడు డబ్బాలల్లనే ఉన్నయి.
రెండు పాటలు మాత్రం వాళ్ళ దిక్కు
పెండ్లి బ్యాండోళ్ళు ఇంకా వాయిస్తరట.
ఒక నిర్మాత చెక్కు తిరిగొచ్చింది,
ఇంకొకాయన నిద్రలనే పోయిండు.
యూసుఫ్‌గూడ స్టూడియోల రీరికార్డింగని
మూడు రోజులకొచ్చి
ఇరవై రెండేండ్లున్నడు.
ఎందుకుండిపోయినవ్ మాష్, అని అడిగిన.
"అక్కడ నన్ను ఎవరూ గుర్తుపట్టరు.
ఇక్కడా పట్టరు, కాని
ఇక్కడ అది మర్యాద."

పుత్లీబౌలి ఇరానీ హోటల్ల ఒకనాడు
ఆయన సాసరు పెదవి కాడ ఆగింది.
ఎదురుంగ పాన్‌డబ్బల రేడియో.
ఆ పాట ఆయనదే, డబ్బింగై తెలుగులకు దిగింది.
"ఏం చెప్తున్నది భిక్షాపతీ?"

పాటల ఒకడు పిల్లను స్కూటరెక్కమని బతిమాలుతున్నడు.
పెట్రోలు ధరతోని సహా.

"పడవ, మాష్" అన్న.
"రాత్రి. ఒకడు తెడ్డేస్తున్నడు.
అవతల ఒడ్డున ఎవరో లాంతరు పట్టుకున్నరు.
అది ఆరకముందే చేరాలని వాడి తండ్లాట."
ఎందుకన్ననో. పాటల పెద్ద నీళ్ళున్నట్టనిపించింది.

శానా సేపు తలూపిండు.
ఆనాడు బిల్లు ఆయనే కట్టిండు.

మొన్న మాఘంల పోయిండు.
ఇంటామె ఆటోల పెట్టె తెచ్చి దించింది:
"కిరాయి బాకీ లేదు. ఇది నీకియ్యమన్నడు."
అడుగు చెక్క ఇప్పిన.
తోలుతిత్తి మీద అంటించిన కాగితం,
అండ్ల స్కూటరు పాట మొత్తం,
బస్సు బోర్డులు చూసి నేర్చుకున్న వంకర తెలుగుల,
మెహదీపట్నంల ఉండే మ లెక్కనే ప్రతి మ.
పెట్రోలు ధర కింద గీత గీసి ఉంది.
దానికింద ఇంకో మాట:
భిక్షాపతి పాటే బాగుంది.

అమ్మద్దనే అనుకున్న.
కాని బిడ్డ ఫీజు ఉంది.
మూసాపేట భజన పిలగాడు బేరం చేసి,
మెట్లన్ని నొక్కి చూసి, ఒక్క కాడ ఆగిండు:
"గాంధారం దిగిందే అన్నా. సరిచెయ్."

ఆకురాయి తీసిన.
కొన కాడ గీకాలె. వెంట్రుకంత.
"చాయ్ తాగి రాపో తమ్మీ, శానా పనుంది" అన్న.

వాడు బయటికి చూసి, నిలబడే ఉన్నడు.
వాన.
రెండు మెట్లే కనపడుతున్నయి.